రేకుల షెడ్డులో ఎనిమిది శనివారాలు

నేను అంబులెన్స్ డ్రైవర్ని. మాది విజయనగరం వైపు మైదానపు ఊరు. పని మాత్రం పదేళ్లకు పైగా ఏజెన్సీలోనే. పెదబయలులో రెండు గదుల ఇంట్లో భార్యతో, కూతురితో అద్దెకుంటున్నాను. ఈ కొండల్లో ఏ ఊరికి ఎంతవరకు బండి వెళ్తుందో, ఎక్కడ దిగి స్ట్రెచర్ భుజానికెత్తుకుని గెడ్డ నీళ్లు దాటాలో నాకు బాగా తెలుసు. ఆ తెలిసినతనం మీద కొంచెం గర్వం కూడా ఉండేది. కొత్త డ్రైవర్ ఎవరైనా వస్తే పక్కన కూర్చుని, ఘాట్ రోడ్డులో ఏ మలుపుకి ఏ గేరులో ఉండాలో చెప్పేవాణ్ణి.

అలాంటి నేను ఆ ఘాట్ రోడ్డు మీద బండి నడపలేకపోయిన రోజులు కొన్ని వచ్చాయి.

కాఫీ పళ్లు కోసే కాలం. ఒక మధ్యాహ్నం ఒక కొండ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అరవై దాటిన ఆవిడ, ఊపిరాడటం లేదు. ఆ ఊరికి బండి వెళ్లే దారి లేదు. కొడుకూ మరో ముగ్గురూ ఆవిణ్ణి డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. మా టెక్నీషియన్ ఆక్సిజన్ పెట్టాడు. కొడుకు తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. వేళ్లకు కాఫీ పళ్ల జిగురు నల్లగా అంటుకుని ఉంది. తోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

ఘాట్ దిగుతుండగా ఒక మలుపు దగ్గర మబ్బు కిందికి దిగి రోడ్డుని మింగేసింది. బండి ముందు భాగం కూడా కనబడలేదు. ఎడమ పక్క లోయ. నేను బండి ఆపేశాను. మాకు నేర్పిన పద్ధతి అదే, కనబడనప్పుడు కదలకూడదు. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాను. వెనక నుంచి ఆవిడ వాళ్లింటి భాషలో ఏదో అంటోంది. నాకు అర్థం కాలేదు. కొడుకు ఒకే ఒక మాట జవాబిచ్చాడు. ఆవిడ మళ్లీ అదే అడిగింది. తర్వాత ఆ గొంతు ఆగిపోయింది. మబ్బు విడిచేసరికి ఎంతసేపయిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ సేపంతా నేను గడియారాన్నే చూస్తున్నాను. కిందికి ఎంత వేగంగా దించినా ఫలితం లేకపోయింది. పెద్దాసుపత్రి గుమ్మం దగ్గరే డాక్టరు ఆవిడ కళ్లు చూసి, కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కొడుకు తల్లి మీద దుప్పటి సరిచేసి, నా వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. నేను తలదించుకుని బండి కడుక్కున్నాను.

నా ఉద్యోగంలో చావులు కొత్త కాదు. బండిలో పోయిన వాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. ఇంటికెళ్లి స్నానం చేసి, అన్నం తిని పడుకునేవాణ్ణి. ఈసారి ఎందుకో అలా జరగలేదు. ఆపకుండా మెల్లగా నడిపి ఉంటే ఏమయ్యేది? ఆ మాట ఒకటి లోపల పుట్టింది. మొదట్లో అప్పుడప్పుడు వచ్చేది. తర్వాత స్నానం చేస్తున్నా, టీ తాగుతున్నా, కూతురు హోంవర్కు చూపిస్తున్నా అదే. ఆ మాటకి జవాబు లేదు కాబట్టి అది ఆగదు. సాయంత్రాలు తాగడం మొదలుపెట్టాను. మాట కాసేపు మెత్తబడేది. పొద్దున్నకి ఇంకా గట్టిపడేది.

అయినా ఎండాకాలం దాకా బండి నడిపాను. ఒకరోజు, ఎండ ఫెళ్లున కాస్తుండగా, ఖాళీ బండితో అదే మలుపు దగ్గరికి వచ్చాను. రోడ్డు అద్దంలా కనబడుతోంది. నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. అరచేతుల నిండా చెమట, ఛాతీలో ఎవరో తాడు బిగించినట్టుంది. గుండెపోటు అనుకున్నాను. రోడ్డు మధ్యలో బండి ఆపేసి కూర్చున్నాను. వెనకొచ్చిన జీపువాళ్లు హారన్ కొడుతున్నారు. టెక్నీషియన్ నన్ను పక్కకి జరిపి, తనే బండి కిందికి దించాడు. అతనికి బండి నడపడం సరిగ్గా రాదు. ఆ రోజు మేమిద్దరం బతికి దిగడం అదృష్టం.

ఇంటికొచ్చి సెలవు పెట్టానని చెప్తే నా భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏటయింది నీకు? ఆరు నెల్ల నుంచి సూత్తన్నాను. పిలిస్తే పలకవు. గుంట నీతో మాటాడ్డానికి బయపడతంది."

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే ఆ బండెందుకు ఆపీసినావు? నాకు సెప్పకపోతే పోనీ. డాక్టరమ్మకైనా సెప్పు."

ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా వినబడింది. ఆ అలసటే నన్ను కదిలించింది. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మకి నేను బాగా తెలుసు, ఎన్నో కేసులు తెచ్చినవాణ్ణి. ఆవిడ ఈసీజీ తీయించి, బీపీ చూసి, మిషన్ పక్కన పెట్టేసింది.

"నీ గుండె బాగానే ఉంది. ఎప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు?" అని అడిగింది.

మబ్బు దిగిన రోజు నుంచీ అని మొదలుపెట్టి, అంతా చెప్పాను. ఆవిడ తొందర పెట్టలేదు. చివరికి ఒక కాగితం మీద ఊరి పేరు రాసింది. "ఇక్కడ శనివారం శనివారం ఒక క్లాసు పెడుతున్నారు. ఎనిమిది వారాలు. మనసు బరువెక్కినప్పుడు మనకు మనం ఏం చేసుకోవచ్చో నేర్పుతారు. పెద్దవాళ్లకే. ముందు అక్కడికి వెళ్లు. మందు అవసరమైతే నేను చూస్తాను."

ఆ ఊరి పేరు చదివి కాగితం మడిచేశాను. డోలీ బయల్దేరింది ఆ ఊరి నుంచే.

రెండు శనివారాలు వెళ్లకుండా తప్పించుకున్నాను. తీరా చూస్తే వానల వల్ల క్లాసు వాయిదా పడి, ఇంకా మొదలే కాలేదట. తప్పించుకోవడానికి నాకు కారణం మిగల్లేదు. మూడో శనివారం నా భార్య టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

బండి వెళ్లే చోటు వరకు ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి గట్టు వెంట నడిచాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, ఎర్రటి బురద. ఊరి మొదట్లో కాఫీ గింజలు ఆరబెట్టే సిమెంటు కళ్లం, దాని పక్కన ఒక రేకుల షెడ్డు. క్లాసు అక్కడే. చాపల మీద పదిమందికి పైగా కూర్చున్నారు, ఆడవాళ్లే ఎక్కువ. క్లాసు నడిపేది ఆ ఊరి ఆశ కార్యకర్త. అందరూ ఆమెని ఆశమ్మ అంటారు. అది ఉద్యోగం పేరు, కానీ ఆ ఊళ్లో మనిషి పేరయిపోయింది. పదో తరగతి చదివిన ఆదివాసీ ఆమె. ఎక్కడో శిక్షణ తీసుకుని, బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకుంది.

లోపలికి అడుగుపెడుతూనే అతను కనబడ్డాడు. బండిలో పోయిన ఆవిడ కొడుకు. గోడకి ఆనుకుని, మోకాళ్లు పొట్టకి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. ఇద్దరం వేరే వైపు తిరిగాం. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను కానీ ఆశమ్మ అప్పటికే చాప మీద చోటు చూపించింది.

"ఇదేటి మందు కాదు," అంది ఆమె మొదటిరోజు. "మంత్రం కూడా కాదు. దిసారి సేసే పని దిసారి సేత్తాడు, డాక్టరు సేసే పని డాక్టరు సేత్తాడు. మనకి మనం సేసుకునే పని కొంత ఉంటాది. అది నేర్సుకుందాం. ఎవులూ ఎవుల్నీ నవ్వకూడదు. ఇక్కడ యిన్నది ఊళ్లో సెప్పకూడదు."

మంచిరోజులు చూసి, దేవుళ్లకి పూజలు చేసే పెద్దని వాళ్లు దిసారి అంటారు. ఆ దిసారి భార్య కూడా చాప మీదే కూర్చుని ఉంది. ఆమె గట్టిగా నవ్వింది. అందరూ నవ్వారు. గోడ దగ్గరున్న అతను, నేను మాత్రం నవ్వలేదు.

ప్రతివారం ఒక కాగితం ఇచ్చేవారు. ఏడు రోజులకి ఏడు గుండ్రాలు. ఆ రోజు మనసు ఎలా ఉందో ఆ గుండ్రంలో ముఖం గియ్యాలి. నవ్వు ముఖం, గీత నోటి ముఖం, ఏడుపు ముఖం. చదువు రాకపోయినా పని జరిగేలా. కింద మరో వరుసలో ఆ రోజు చేసిన చిన్న పని ఒకటి. పని చిన్నదే ఉండాలి, మనకి చేతనైనదే ఉండాలి. మొదటివారం నేను నా కాగితాన్ని శనివారం పొద్దున్న ఆటోలో కూర్చుని నింపాను. నాలుగు నవ్వు ముఖాలు, మూడు గీత ముఖాలు. అన్నీ అబద్ధం. ఆశమ్మ చూసి ఏమీ అనలేదు.

రెండోవారం ఊపిరి గురించి చెప్పింది. ముక్కుతో మెల్లగా పీల్చి, ఇంకా మెల్లగా నోటితో వదలాలి. వదిలేటప్పుడు భుజాలు కిందికి జారాలి. నాకు చిరాకేసింది. ఊపిరాడని మనుషుల్ని మోసే నాకు ఊపిరి పీల్చడం నేర్పుతారా అనిపించింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. రేకుల మీద వాన పడితే ఎదుటి మనిషి మాట వినబడదు. ఆశమ్మ నోరు కదుపుతోంది, ఒక్క మాటా చేరడం లేదు. ఆమె పుస్తకం మూసేసి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఊపిరి తీసి చూపించింది. అందరం అలాగే చేశాం. చాలాసేపు. చేసే పని ఇంకేమీ లేదు కాబట్టి. ఎప్పుడు జరిగిందో తెలియదు, నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పక్కనున్న ఒకామె తన చెంగు అంచు నా వైపు జరిపింది. నేను తీసుకోలేదు కానీ, ఆమె అలా జరపడం గుర్తుంది.

ఆమె గురించి ఇక్కడే చెప్పాలి. భర్త జ్వరంతో పోయి ఏడాదయింది. పిల్లలు లేరు. సామలు, రాగులు పండే కొద్దిపాటి పోడు భూమి ఉంది. క్లాసులో ఎప్పుడూ ముందే వచ్చి చాపలు పరిచేది. ఆమె కాగితంలో ఏడు గుండ్రాల్లోనూ నవ్వు ముఖాలే ఉండేవి, చక్కగా, ఒకే కొలతలో. చిన్న పనుల వరుస ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆశమ్మ ఆ కాగితాన్ని పైకెత్తి అందరికీ చూపించేది.

మూడోవారం నుంచి నేను నిజం గియ్యడం మొదలుపెట్టాను. ఎందుకంటే చిన్న పని ఏదైనా చెయ్యమన్నప్పుడు నేను ఎంచుకున్నది కూతుర్ని బడి దాకా నడిపించుకు వెళ్లడం. అబద్ధం రాస్తే పిల్లని వాడుకున్నట్టవుతుందనిపించింది. ఐదు రోజుల్లో మూడు రోజులే వెళ్లాను. మూడే రాశాను. తాగడం ఒక్కసారిగా మానలేకపోయాను. తాగని రోజుకి ఒక చుక్క పెట్టుకునేవాణ్ణి. కాగితం మీద చుక్కలు తక్కువే. ఉన్నవి మాత్రం నిజమైనవి.

ఐదోవారం ఆశమ్మ జతలు కట్టించింది. మనసులో తిరిగే మాట ఒకటి జతగాడికి చెప్పాలి. జతగాడు ఆ మాట తనదే అన్నట్టు తిరిగి మనకే చెప్పాలి. అప్పుడు, స్నేహితుడు వచ్చి ఆ మాట చెప్పుకుంటే మనం ఏమంటామో అది అతనికి చెప్పాలి. వరుసలో కూర్చున్నవాళ్లని ఇద్దరిద్దరిగా విడదీస్తూ వచ్చింది. నా వంతుకి అతను మిగిలాడు. తెలిసే అలా చేసిందా అని తర్వాత ఆశమ్మనే అడిగాను. "తెలుసు," అంది. "బయమేసింది. అయినా సేసినాను."

మేమిద్దరం కళ్లం గట్టు మీద కూర్చున్నాం. వాన ఆగి ఉంది. అతనే మొదలుపెట్టాడు.

"పొద్దున్నే సెప్పింది మాయమ్మ. గుండి బరువుగా ఉంది కొడకా అని. కాఫీ పళ్లు రాలిపోతన్నాయి, కోసీసి వత్తాను, నువ్వు పడుకో అన్నాను. మద్దేనం దాకా రానేదు. వచ్చీసరికి పెదాలు నల్లబడిపోనాయి. నాను పొద్దున్నే మోసుకెల్లుంటే బతుకును."

ఆ మాటని నా మాటగా నేను చెప్పాలి. నోరు తెరిచాను. "నా తల్లి పొద్దున్నే చెప్పింది..." అని మొదలుపెట్టాను. ఇన్ని నెలలూ ఈ మనిషి దీన్ని మోస్తున్నాడని నాకు తట్టనే లేదు. నా లెక్కలో ఆ చావు మొత్తం నాదే. మెల్లగా, ఒక్కొక్క ముక్కా, చివరిదాకా చెప్పాను. అతను నా ముఖంలోకి చూస్తూ విన్నాడు.

"నీ నేస్తం అలాగంటే ఏటంటావు?" అని నేనే అడగాల్సి వచ్చింది.

అతను భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "ఆడికి తెల్దు కదా అంటాను. అంత జబ్బని ఎవులికి తెలుసు? తెలిస్తే ఎల్తాడేటి తోటకి?" అన్నాడు. అని, మొహం తిప్పుకుని, తుండుగుడ్డలో ముఖం దాచుకున్నాడు.

నా వంతు వచ్చింది. "నేను బండి ఆపాను. ఆపకపోతే మీ అమ్మ బతికేది," అన్నాను. అంతకంటే పొడుగ్గా చెప్పడానికి నాకు చేతకాలేదు.

"నాను బండి ఆపినాను," అన్నాడు అతను నా గొంతుతో. "ఆపకపోతే ఆలమ్మ బతుకును."

ఆ మాట బయటి నుంచి వినడం అదే మొదటిసారి. జవాబు చెప్పాలి. నేను కొత్త డ్రైవర్లకి ఏం చెప్తానో గుర్తొచ్చింది. వాళ్లలో ఎవడైనా ఆ మబ్బులో నడిపి ఉంటే వాణ్ణి నేనే తిట్టేవాణ్ణి. అదే చెప్పాను, తడబడుతూ. "ఆపక ఏం చేస్తావు? లోయలో నలుగురూ పోయేవారు." చెప్పాక కూడా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. కానీ ఇన్నాళ్లూ జవాబు లేని మాటకి ఎదురుగా ఒక జవాబు వచ్చి నిలబడింది.

అప్పుడు అడిగాను, ఎన్నో నెలలుగా అడగాలనుకున్నది. "బండి ఆగినప్పుడు మీ అమ్మ ఏమంది? రెండుసార్లు అంది. నన్నే అనుకున్నాను. బండి ఎందుకు ఆపావని."

అతను తలెత్తాడు. "నిన్నా? కాదు బాబూ. మేకల్ని కట్టినావా అనడిగింది. కట్టినానన్నాను. మల్లీ అదే అడిగింది."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అతని పెదవుల మీద నవ్వు లాంటిది ఒకటి వచ్చి వెళ్లింది.

"కట్టినావా నిజంగా?" అన్నాను.

"నేదు. ఎక్కడ కడతాను? అబద్ధం ఆడినాను."

ఆ వారం నా కాగితంలో ఒక్క నవ్వు ముఖం కూడా లేదు. అన్నీ గీత ముఖాలు. కానీ నిద్రపోయాను. నిద్రలో పలవరించలేదని నా భార్య చెప్పింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, సోమవారం నుంచి డ్యూటీలో చేరతానని చెప్పాను. ఆవిడ ముందు పల్లం దారుల్లో కొన్నాళ్లు నడిపించమని మా పైవాళ్లతో మాట్లాడింది. అలాగే నడిపాను, ఘాట్ వైపు వెళ్లకుండా.

ఏడో శనివారం చాపలు పరిచి లేవు. మేమే పరుచుకున్నాం. చెంగు జరిపినామె రాలేదు. "పొలంకెల్లుంటాది," అన్నారెవరో. ఆశమ్మ మాత్రం క్లాసు మధ్యలో రెండుసార్లు తలుపు వైపు చూసి, మూడోసారి లేచి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చి నన్ను బయటికి పిలిచింది. "మూడ్రోజుల నుంచి ఏటీ తిన్నేదు. లోపల తలుపేసుకుని కూకుంది. ఆయన దగ్గరకి ఎల్లిపోతానంటంది. ఒంటరిగా వదలకూడదు. పుస్తకం ఆఖరి పేజీలో ఉంది, ఇలగయితే మన పని కాదు, డాక్టరు పనే అని. బేగి ఎల్లాల."

డ్యూటీలో ఉన్న బండి దగ్గరలోనే ఉందేమోనని ఫోన్ చేశాను. ఉంది, మధ్యాహ్నం నుంచి ఆ బండి మీద షిఫ్టు నాదే. బండిని రోడ్డు దాకా తెచ్చిన డ్రైవర్ తాళం నా చేతిలో పెట్టాడు. "ఘాట్ దిగాలి. నువ్వు దించగలవా? లేకపోతే నేనే ఉంటాను," అన్నాడు.

"నేనే దించుతాను. నువ్వు పక్కన కూర్చో," అన్నాను.

ఆమెని దిసారి భార్యా ఆశమ్మా రెండు చేతులా పట్టుకుని నడిపించుకొచ్చారు. ఎదురు చెప్పలేదు. కళ్లం గట్టు మీది నా జతగాడు కూడా వచ్చాడు. పిలవకుండానే వెనక ఎక్కాడు. ఆమె అతనికి దూరపు వరసలో వదినవుతుంది.

ఆ మలుపు దగ్గర ఆ రోజూ మబ్బు దిగే ఉంది. నేను ఆశ్చర్యపోలేదు. వానాకాలంలో అక్కడ మబ్బు లేని పూట తక్కువ. బండి ఆపాను. అరచేతులు చెమర్చాయి. ఛాతీలో తాడు బిగిసింది. ఊపిరి వదిలాను, భుజాలు జారేలా. మళ్లీ వదిలాను. భయం పోలేదు. దానితో పాటే కూర్చున్నాను. వెనక ఆమె అన్నది వినబడింది, "ఎందుకు నన్ను తీసుకెల్తన్నారు? వదిలీండి." ఆశమ్మ ఏదో చెప్తోంది. తలుపు గడియ తీస్తుందేమోనని టెక్నీషియన్ అడ్డంగా కూర్చున్నాడు. ఇక్కడ ఎక్కువసేపు ఆగడం మంచిది కాదని నాకు అర్థమైంది.

వెనక తలుపు తెరుచుకుని మూసుకున్న శబ్దం. అద్దం పక్కకి అతను వచ్చాడు.

"నాను ముందు నడుత్తాను. ఈ రోడ్డు నాకు కాళ్లకి తెలుసు. నా వెనకాల రా."

భుజం మీది తెల్ల తుండుగుడ్డ తీసి, దాన్ని వీపు మీదుగా రెండు చేతులా చాపి పట్టుకున్నాడు. బండికి బారెడు ముందు నడిచాడు. మబ్బులో మనిషి కనబడటం లేదు, ఆ తెల్లగుడ్డ ఒక్కటే కనబడుతోంది. అది కుడికి జరిగితే నేను కుడికి. అది ఆగితే నేను ఆగాను. ఒకచోట రాళ్లు జారి పడి ఉన్నాయి. అతను వాటిని కాలితో తోసి, మళ్లీ గుడ్డ చాపాడు. మనిషి నడిచే వేగంతో ఆ మలుపూ, దాని తర్వాతిదీ, ఆ తర్వాతిదీ దాటాం. మబ్బు పైనే ఉండిపోయింది. కింద ఎండ. అతను పూర్తిగా తడిసిపోయి, పక్కకి తప్పుకుని, మళ్లీ బండి ఎక్కాడు.

పెద్దాసుపత్రిలో ఆమెని చేర్చుకున్నారు. మానసిక వైద్యుడు చాలాసేపు ఆమె ఒక్కదానితోనే మాట్లాడాడు. ఆశమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చింది.

"ఆ నవ్వు బొమ్మలు సూసి సంబరపడిపోనాను. అందరికీ ఎత్తి సూపించినాను. ఆల్లందరి ముందూ ఏడుపు బొమ్మ ఎలగ గీత్తాది మరి?"

దిసారి భార్య ఆమె వీపు నిమురుతూ, "నువ్వు ఎల్లి తలుపు కొట్టినావు కదా," అంది. ఇంకేమీ అనలేదు.

ఎనిమిదో శనివారం క్లాసు జరిగింది. ఆశమ్మ మొదట అందరికీ క్షమాపణ చెప్పింది. ఇకపై ఎవరి కాగితమూ పైకెత్తి చూపించనంది. మనలో ఎవరికి కష్టమొస్తే ముందు ఎవరి తలుపు తట్టాలో ఒక్కొక్కళ్లూ చెప్పమంది. చదువొచ్చినవాళ్లు రాసుకున్నారు, రానివాళ్లు ఆ మనిషి వైపు చూసి తలూపారు. నేను అతని వైపు చూశాను. అతను అప్పటికే నా వైపు చూస్తున్నాడు. సర్టిఫికెట్లు, ఫోటోలు ఏమీ లేవు. రాగి అంబలి తాగి ఇళ్లకి వెళ్లిపోయాం.

ఆమె కొన్ని వారాలకి తిరిగొచ్చింది. మందులు వాడుతోంది. ఆశమ్మ రోజూ వెళ్లి మాత్ర మింగించి వస్తుంది. ఇప్పుడామె కాగితంలో గీత ముఖాలు, అప్పుడప్పుడు ఏడుపు ముఖాలు ఉంటున్నాయట. అవి చూసి ఆశమ్మ స్థిమితంగా ఉంటోంది.

నేను పూర్తిగా బాగుపడ్డానని చెప్పలేను. తాగడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. కాగితాలు అయిపోయాక నా కూతురి పాత నోటుబుక్కులో గుండ్రాలు గీసుకుంటున్నాను. కొన్ని వారాలు మరిచిపోతాను. మరిచిపోయిన వారాలు నా భార్యకి ముందే తెలిసిపోతాయి.

ఆమెని ఆసుపత్రిలో దింపిన ఆ సాయంత్రం, పైకి తిరిగి వస్తున్నప్పుడు డ్రైవర్ వెనక ఎక్కడంతో అతను నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. తడిబట్టలతో వణుకుతున్నాడు. నా చొక్కా ఇచ్చాను. అతని తల్లి ఎలా పోయిందో నాకు నిమిషాలతో సహా తెలుసు. ఎలాంటి మనిషో ఒక్క ముక్క తెలియదు. అది అడగాలని అప్పటిదాకా నాకు తోచలేదు.

"మీ అమ్మ ఎలాంటిది అన్నా?" అన్నాను.

అతను కిటికీలోంచి కొండ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ధింసా ఆడితే వరుసలో అందరికంటే ముందుండేదట. అడివి దుంపల్లో ఏది తినొచ్చో, ఏది ఏడుసార్లు ఉడికించాలో ఊరి ఆడవాళ్లంతా ఆవిణ్ణే అడిగేవారట. కోపమొస్తే మొగుణ్ణి ఇంట్లోకి రానిచ్చేది కాదట. ఒకసారి అరకు సంతలో తప్పిపోయి, ఎవరినీ దారి అడగడం ఇష్టం లేక రెండు కొండలు చుట్టి ఇంటికొచ్చిందట. ఇంట్లోవాళ్లంతా ఏడుస్తుంటే, ఎవరు పోయారని అడిగిందట.

బండి ఎక్కుతూ ఉంది. అతను చెబుతూనే ఉన్నాడు.